పెళ్లి రంగులు: ముందు బట్టలా, హాలు వెలుతురా?

నీలికలువ:
మా చెల్లెలి పెళ్లికి ఇంకా నాలుగు నెలల గడువుంది. రంగులు దాదాపు ఖాయమయ్యాయి: నెమలికంఠం నీలం, గంధం, అక్కడక్కడ రాగి. వాటిని ముందుగా దేనిమీద ఖరారు చేయాలన్న దగ్గరే ఇంట్లో మాటా మాటా పెరుగుతోంది. పెళ్లికూతురి బట్టలు ముందు కొనేసి, తెరలు, పూలు, శుభలేఖ వాటికి తగ్గట్టు చూసుకోవాలన్నది అమ్మ పట్టు. హాలు గోడలు, నేల, దీపాలు మన చేతిలో ఉండవు గనుక అవి చూశాకే బట్టల జోలికి వెళ్లాలన్నది నా వాదన. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

అద్దకం:
నాది మీ అమ్మగారి పక్షం. నేను బట్టలకు రంగులద్దే పనిలో ఉన్నాను. కోరిన ఛాయలో కోరిన నేత దొరకడం ఎంత కష్టమో, దొరికిన బట్టకు తగిన కాగితమో రిబ్బనో వెతకడం అంత తేలిక. పైగా ఒకే రంగునీళ్లలో ముంచినా పట్టు, నూలు ఒకేలా కనిపించవు. పట్టుకు మెరుపు ఉండడం వల్ల మడత మడతకూ ఛాయ మారుతుంది. ఒక విడత అద్దకానికీ మరో విడతకూ కూడా తేడా వస్తుంది కాబట్టి, పెళ్లికూతురి తోడున్న నలుగురికీ ఒకే బట్ట కావాలంటే మొత్తం ఒకేసారి, ఒకే తాను నుంచి కోయించుకోవాలి. సరిపోలేదని నెల తరువాత వెళితే అదే పేరుతో వేరే నీలం చేతికి వస్తుంది. ఫోను తెరమీద చూసి ఛాయ నిర్ణయించడం మాత్రం అసలు వద్దు. ఇన్ని ఇబ్బందులున్న వస్తువును చివరికి వదిలేయడం తెలివైన పని కాదు.

వెలుగునీడ:
అద్దకం గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే, కానీ అవి నాకు తిరగబడి కనిపిస్తున్నాయి. ఫొటోలు తీయడం నా వృత్తి. ఒక పెళ్లిలో వధూవరుల బట్టలు దుకాణంలో ట్యూబులైటు కింద అచ్చంగా ఒకటే బూడిద రంగుగా కనిపించాయట. సాయంత్రం హాల్లో పసుపు దీపాలు వెలిగేసరికి ఒకటి బూడిదగానే ఉండిపోయింది, రెండోది ఆకుపచ్చకు తిరిగింది. కళ్లు తిప్పుకుని ఊరుకుందామంటే కెమెరా ఊరుకోదు. దీన్ని మెటామెరిజం అంటారు: రెండు రంగుద్రవ్యాలు వేరైనా ఒక వెలుతురులో ఒకేలా కనిపించి, మరో వెలుతురులో విడిపోతాయి. వెలుతురు ఎంత పసుపో, ఎంత తెలుపో కెల్విన్లనే కొలతలో చెబుతారు: కొవ్వొత్తి వెలుగు సుమారు 1,900 కెల్విన్లు, పసుపు బల్బులు 2,700 నుంచి 3,000, మధ్యాహ్నపు ఎండ 5,500 దగ్గర ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ వెలుతురులో నీలం పాలు తగ్గుతుంది గనుక, నీలికలువ గారి నెమలికంఠం రాత్రి దీపాల కింద నలుపుకు దగ్గర పడే ప్రమాదముంది. తెలుపుతో కూడా జాగ్రత్త అవసరం. చాలా తెల్లబట్టల్లో కలిపే మెరుపు ద్రవ్యాలు కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని గ్రహించి నీలపు వెలుగుగా ఇస్తాయి. ఆ కాంతి లేని ఎల్‌ఈడీ దీపాల కింద ఆ తళుకు చాలావరకు పోతుంది. వీటన్నిటికీ మించి, ఎర్రటి గుడారం కింద నిలబడిన అతిథుల ముఖాలు ఎర్రబారడం ఎన్నిసార్లు చూశానో. అక్కడ బట్ట తప్పేముంది?

అద్దకం:
వెలుతురు మాట ఒప్పుకుంటాను. అయితే దీపాలను మార్చవచ్చు, అదనంగా పెట్టించవచ్చు. కుట్టించిన బట్టను మార్చలేము. ఇంకొకటి, లోపం ప్రతిసారీ వెలుతురులోనే ఉండదు. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో నల్లదారం పేలవంగా ఉందని ఫిర్యాదులొస్తే, అక్కడి అద్దకాల విభాగాన్ని చూసే షెవ్రొల్ పరిశీలించి, దారంలో లోపమేమీ లేదని, పక్కనున్న నీలం, ఊదాల వల్ల నలుపు అలా కనిపిస్తోందని తేల్చాడు. 1839లో దానిమీద పెద్ద పుస్తకమే వెలువరించాడు. బూడిద రంగును ఆకుపచ్చ పక్కన పెట్టి చూడండి, కాస్త గులాబీగా తోస్తుంది. కాబట్టి గోడ ఒక్కటీ, బట్ట ఒక్కటీ విడివిడిగా చూసి తీర్పు చెప్పడం కుదరదు. మూడు రంగులనూ ముక్కలుగా పక్కపక్కన పెట్టి, పెళ్లికూతురి ముఖం దగ్గర పట్టుకుని చూడాలి.

సాదాసీదా:
ఇంత లెక్క నిజంగా అవసరమా? విక్టోరియా రాణి 1840లో తెల్లదుస్తుల్లో పెళ్లాడింది. అంతకుముందూ తెలుపు కట్టినవారున్నారు, కానీ ఆ తరువాత అది ఫ్యాషనై కూర్చుంది. పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు క్వినైన్ తయారు చేయబోయి 1856లో కృత్రిమ ఊదా రంగును కనుగొన్నాడు, కొద్దికాలానికే ఊదా మోజు ఊపందుకుంది, 1858లో తన కూతురి పెళ్లికి ఆ రాణే ఊదాలో వచ్చింది. ఈరోజు ముద్దొచ్చే పొందిక పదేళ్ల తరువాత ఆల్బంలో ఏ సంవత్సరపు పెళ్లో చెప్పేసే ముద్రగా మిగులుతుంది. అతిథులందరూ ఫలానా రంగులోనే రావాలనడం మరీ అతి. వారి చేత కొత్త బట్టలు కొనిపించే హక్కు మనకెక్కడిది? మరో మాట. మా అన్నయ్యకు ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా తెలియదు. తన పెళ్లిలోనే ఎరుపు పూలు, ఆకుపచ్చ తెరలు ఆయనకు ఒకే మట్టిరంగు ముద్దగా కనిపించాయి. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవారిలో సుమారు 8 శాతానికి ఈ ఇబ్బంది ఉంటుంది, మిగతాచోట్ల కొంత తక్కువ. ఒకటి లేతగా, ఒకటి ముదురుగా ఉన్నా చాలు, ఇలాంటివారికి తేడా అందుతుంది.

వెలుగునీడ:
అతిథుల విషయంలో సాదాసీదా గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వెనుక తెర సాదాగా ఉంటే ముందు ఎవరు ఏ రంగులో నిలబడినా ఇబ్బంది ఉండదు. లేత, ముదురుల తేడా గురించి ఆయన చెప్పినది ఫొటోకూ వర్తిస్తుంది: ఫోనులో ఒకసారి నలుపు-తెలుపు ఫొటో తీసి చూడండి, మూడు రంగులూ ఒకే బూడిదగా కలిసిపోతే పొందిక బలహీనమని అర్థం. పొందికే వద్దన్న మాటకు మాత్రం నేను రాను.

నీలికలువ:
అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం ఏడింటికి, అంటే పెళ్లి జరిగే వేళకే, మూడు బట్టముక్కలు పట్టుకుని అమ్మా నేనూ చెల్లీ హాలుకు వెళ్లాం. గోడలు మీగడ రంగులో ఉన్నాయి, దీపాలన్నీ పసుపువే. గంధం ముక్కను గోడకు ఆనించగానే కనిపించకుండా పోయింది. నీలం వేదిక మధ్యలో బాగానే ఉంది గానీ రెండడుగులు మూలకు జరిపేసరికి నల్లబడింది. చివరి నిమిషంలో చేర్చిన రాగి రంగు ఒక్కటే ఎక్కడ పెట్టినా నిలిచింది. కాబట్టి రాగిని తెరలకు మార్చి, గంధాన్ని శుభలేఖ కాగితానికి పరిమితం చేసి, నీలాన్ని రెండు ఛాయలు లేతచేసి చెల్లెలి బట్టలకు ఉంచాం. వేదికమీద తెల్లటి దీపాలు అదనంగా పెట్టడానికి హాలువారు ఒప్పుకున్నారు. అవి వెలిగించి మరోసారి చూశాకే తాను కోయిస్తాం. హాలుకు బట్టముక్కలు పట్టుకునే వెళ్లాం కాబట్టి ముందు బట్టలేనని అమ్మ ఇప్పటికీ అంటోంది.