టెక్సస్ హైస్కూల్లో వృత్తి కోర్సుకి సైన్సు క్రెడిట్ ఇవ్వడం సరైనదేనా?

ఫ్రిస్కో_నాన్న:
మా అమ్మాయికి వచ్చే ఏడు పన్నెండో తరగతి. నాలుగో సైన్సు కింద ఏపీ ఫిజిక్స్ (కాలేజీ స్థాయి భౌతికశాస్త్రం) బదులు అనాటమీ అండ్ ఫిజియాలజీ (శరీర నిర్మాణం, పనితీరు) తీసుకుంటానంటోంది. అది హెల్త్ సైన్స్ వృత్తి కోర్సు. అయినా సైన్సు క్రెడిట్ (పాసైన ఏడాది కోర్సుకి ఒకటి చొప్పున హైస్కూల్ పూర్తికి లెక్కపెట్టేది) కింద లెక్కేస్తారట. నాకు మింగుడు పడట్లేదు. 2013లో హౌస్ బిల్ 5 అనే టెక్సస్ చట్టం రాకముందు మామూలు పద్ధతిలో ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ నాలుగూ నాలుగేళ్ళు చదవాల్సిందే. ఇప్పుడు 22 క్రెడిట్లతో బయటపడొచ్చు, ఆల్జీబ్రా 2 (బీజగణితం రెండో కోర్సు) కూడా అక్కర్లేదు. సులువు దారి చూపిస్తే పిల్లలు అటే పోరా?

గుంటూరు_అక్క:
మీరు రెండు సంగతులు కలిపేశారండీ. ఆల్జీబ్రా వదిలెయ్యడం వేరు, అనాటమీకి క్రెడిట్ ఇవ్వడం వేరు. మా పెద్దాడు ఆ అనాటమీయే చదివి, తర్వాత నర్స్ ఎయిడ్ కోర్సు చేశాడు. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయిన వారం, ఆవిణ్ణి మంచం మీంచి లేపాలంటే మేమిద్దరం చంకల కింద చేతులేసి లాగేవాళ్ళం. వాడొచ్చి "అమ్మా, అలా లాగకూడదు" అని ఆవిడ నడుముకి బెల్టు కట్టాడు. మంచం అంచుకి జరిపాడు. పాదాలు నేలకి ఆనించి, ముందుకి వంగమన్నాడు. మూడు లెక్కపెట్టి లేపాడు. "బరువు పాదాల మీదకి రావాలి నాయనమ్మా, అప్పుడే లేవగలవు" అని చెప్పాడు. అది సైన్సు కాదంటే నేనొప్పుకోను. ఒకేషనల్ అనగానే మనకి ఇంటర్లో ఎంపీసీ, బైపీసీ దొరకని పిల్లల గ్రూపు గుర్తొస్తుంది. ఆ కొలతతో ఇక్కడి కోర్సుల్ని చూడకండి.

ఫ్రిస్కో_నాన్న:
నిజమే, నా మనసులో ఉన్నది అదే. మరి ఆల్జీబ్రా సంగతి?

లెక్కల_మాస్టారు:
నేను ఇక్కడ బడిలో లెక్కలు చెప్తాను. ఆల్జీబ్రా 2 లేకపోయినా హైస్కూల్ పాసైన డిప్లొమా వస్తుంది, అందులో పై మెట్టయిన డిస్టింగ్విష్డ్ స్థాయి మాత్రం రాదు. అది గానీ, శాట్, ఏసీటీ ప్రవేశ పరీక్షల్లో తగిన స్కోరు గానీ లేనిదే బడిలో ర్యాంకు ఎంత బాగున్నా స్టేట్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ (ర్యాంకును బట్టి నేరుగా సీటు) ఉండదు. పదో తరగతి అయ్యాక ఎండార్స్‌మెంట్ (ఎంచుకున్న రంగంలో అదనపు కోర్సులకి వచ్చే గుర్తింపు) వదిలెయ్యాలంటే తల్లిదండ్రుల్లో ఒకరు సంతకం పెట్టాలి. రాత్రి షిఫ్టుకి వెళ్ళే తొందరలో, చదవకుండానే సంతకం పెట్టేసిన తల్లిని చూశాను. నా కోపం దాని మీద. అనాటమీకి క్రెడిట్ ఇవ్వండి, వద్దనను. వెల్డింగ్ నేర్చుకునే పిల్లాడు కూడా ఆల్జీబ్రా 2 చదవాలి. కావాలంటే వెల్డింగ్ షెడ్డులోనే చెప్పండి.

గుంటూరు_అక్క:
అక్కడ మీతో ఏకీభవించను మాస్టారూ. మా పక్కింటి అబ్బాయి ఆల్జీబ్రా 2లో రెండుసార్లు తప్పాడు. ఏసీ రిపేరు క్లాసుంది కాబట్టే రోజూ బడికెళ్ళాడు, డిప్లొమా తెచ్చుకున్నాడు. తప్పనిసరి చేసుంటే వాడు పదకొండులోనే మానేసేవాడు.

లెక్కల_మాస్టారు:
ఆ అబ్బాయికి నేను అడ్డుపడనమ్మా. ఆ క్లాసులో ఉన్న మిగతా పిల్లల గురించే నా బెంగ.

ఫ్రిస్కో_నాన్న:
మా అమ్మాయికి ఆల్జీబ్రా 2 నిరుడే అయిపోయింది. అనాటమీకి సరేనంటాను.