న్యూరెంబర్గ్ రాత్రి గల్లంతైన బాంబర్లు: 94, 95, 96లో ఏది రాయాలి? ఒక విమానం ఆచూకీ ఎలా పట్టాలి?

అరండల్‌పేట రమణ (గుంటూరు)

అందరికీ నమస్కారం. గుంటూరులో డిగ్రీ పిల్లల కోసం చిన్న ప్రదర్శన పెడుతున్నాం. 72వ వంతు కొలతలో ఒక లాంకాస్టర్ బాంబర్ మోడల్, దాని పక్కన ఆరడుగుల ఫ్లెక్స్ మీద తెలుగులో వివరం. తీసుకున్న విషయం 1944 మార్చి 30 రాత్రి బ్రిటిష్ బాంబర్ కమాండ్ జర్మనీలోని న్యూరెంబర్గ్ మీద చేసిన దాడి.

ఎన్ని విమానాలు పోయాయో ఒక్కో చోట ఒక్కో అంకె ఉంది: 94, 95, 96. ఇంకో చోట వంద దాటించారు. ఏది రాయాలి? యుద్ధం మొత్తంలో బాంబర్ కమాండ్ మృతులు 55,573 అంటారు, అందులో ఎవరెవరు ఉన్నట్టు? ఒక కుర్రాడు తన విడత డ్యూటీ అయిన 30 ట్రిప్పులు పూర్తి చేసి బతికి బయటపడే అవకాశం ఎంత? విమానం కూలేటప్పుడు పారాచూట్ ఉండి కూడా అంతమంది దూకలేకపోవడానికి కారణం ఏమిటి?

అన్నిటికంటే ముఖ్యం, అంకెల పక్కన ఒక్క విమానాన్నయినా పేర్లతో చూపించాలని ఉంది. ఇక్కడ కూర్చుని ఆ విమానంలోని ఏడుగురి వివరం తెలుసుకునే దారి చెప్పండి.

లెక్కల మాస్టారు (సత్యనారాయణపురం, విజయవాడ)

రమణగారూ, 95 రాయండి. కానీ అది దేని లెక్కో కూడా రాయండి. ఆ రాత్రి బయల్దేరినవి 795: లాంకాస్టర్లు 572, హాలిఫాక్స్‌లు 214, మస్కిటోలు 9. తిరిగి రానివి 95: లాంకాస్టర్లు 64, హాలిఫాక్స్‌లు 31. అంటే 11.9 శాతం. ఇంగ్లండ్ దాకా వచ్చి కూలినవి, దిగాక తుక్కు కింద రాసేసినవి ఈ 95లో లేవు. వాటినీ కలిపినవాళ్ళకు వంద దాటింది. ఒకటీ అరా తేడా ఇలా వచ్చి ఉండొచ్చు: తీరం దగ్గర సముద్రంలో పడ్డదాన్ని ఒకరు ‘గల్లంతు’ అంటారు, ఇంకొకరు ‘ప్రమాదం’ అంటారు. ఫ్లెక్స్ మీద “తిరిగి రాని విమానాలు 95” అని ఉంటే ఎవరూ తప్పు పట్టలేరు. “కూల్చినవి 95” అని మాత్రం వద్దు, తిరిగి రానివన్నీ శత్రువు కూల్చినవే కావు.

ఇక 55,573. ఇందులో దాడుల్లో పోయినవాళ్ళే కాదు, శిక్షణలో, ప్రమాదాల్లో పోయిన 8 వేల పైచిలుకు మంది కూడా ఉన్నారు. మొత్తం పనిచేసిన విమాన సిబ్బంది సుమారు 1,25,000. నూటికి 44 మంది. అందరూ బ్రిటిష్‌వాళ్ళనుకోవద్దు. కెనడావాళ్ళు దాదాపు 10 వేలు, ఆస్ట్రేలియావాళ్ళు 4 వేల పైన, న్యూజిలాండ్‌వాళ్ళు, పోలండ్‌వాళ్ళు కూడా ఉన్నారు. అమెరికా 8వ వైమానిక దళం లెక్క పూర్తిగా వేరు. వాళ్ళు పగటిపూట వెళ్ళేవాళ్ళు, విమానానికి పదిమంది. 1943 అక్టోబరు 14న ష్వైన్‌ఫుర్ట్ మీదికి 291 బీ-17 బాంబర్లు వెళితే 60 రాలేదు. రెండు దళాల లెక్కలూ ఒకే పట్టికలో పెడితే చూసేవాళ్ళు తికమకపడతారు.

30 ట్రిప్పుల లెక్క చాలామంది తప్పు చేస్తారు. ఒక్కో ట్రిప్పుకి 4 శాతం నష్టమైతే 30కి 120 శాతం, కాబట్టి ఎవరూ మిగలరు అనేస్తారు. కూడకూడదు. మిగిలే అవకాశం 0.96, దాన్ని 30 సార్లు గుణించాలి. 0.29 వస్తుంది. అంటే వందలో 29 మంది. నష్టం 2 శాతమైతే వందలో 54 మంది, 5 శాతమైతే 21 మంది. 2కీ 5కీ తేడా కాగితం మీద చిన్నదే, కానీ 30 సార్లు గుణించాక సగానికి పైగా మనుషుల్ని తినేస్తుంది. 1943 నవంబరు నుంచి 1944 మార్చి దాకా బెర్లిన్ మీద జరిగిన 16 దాడుల్లో 9,111 సార్టీలకు (ఒక విమానం ఒకసారి వెళితే ఒక సార్టీ) 492 విమానాలు పోయాయి. 5.4 శాతం. ఆ చలికాలంలో ట్రిప్పులు మొదలెట్టిన కుర్రాడి పరిస్థితి మీరే గుణించి చూడండి. పైగా ఇది సగటు. మొదటి నాలుగైదు ట్రిప్పుల్లో కొత్త సిబ్బందికి ముప్పు అంతకంటే ఎక్కువ.

మార్చి 30నే అంత నష్టం ఎందుకంటే, పంచాంగం తీసి చూడండి. తారణ నామ సంవత్సర ఉగాది వెళ్ళి వారం కూడా కాలేదు, సప్తమి ప్రాంతం. సగం చంద్రుడు అర్ధరాత్రి దాటాక గానీ అస్తమించలేదు. మామూలుగా అలాంటి వెన్నెల్లో అంత దూరం లోపలికి పంపరు. దారిలో మబ్బు కప్పుతుందనుకున్నారు, అది లేదు. బెల్జియంలో షార్లెరువా దగ్గర నుంచి తూర్పుకి 265 మైళ్ళు వంపు లేకుండా ఒకే గీత గీశారు. ఆ గీత జర్మన్ నైట్ ఫైటర్లు గుమిగూడి తిరిగే ఈడా, ఒట్టో అనే రేడియో బీకన్ల (దారి చూపే సంకేతాలు పంపే కేంద్రాల) పక్క నుంచే పోయింది. చలికి విమానాల వెనక తెల్లటి ఆవిరి చారలు పడ్డాయి, వెన్నెల్లో అవి బాణం గుర్తుల్లా కనిపించాయి. గాలి అంచనా తప్పి గుంపు చెదిరింది, కొన్ని న్యూరెంబర్గ్ అనుకుని ష్వైన్‌ఫుర్ట్ మీద బాంబులు వేశాయి. పోయినవాటిలో 82 వెళ్ళే దారిలోనూ లక్ష్యం దగ్గరా పోయినవే.

కృష్ణలంక ఫైళ్ళు (విజయవాడ)

ఆచూకీ సంగతి నేను చెబుతాను. కొత్తవాళ్ళు విమానంతో మొదలుపెట్టి ఇరుక్కుంటారు. మనిషితో మొదలుపెట్టండి.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటులో చనిపోయిన తేదీ, దళం పెట్టి వెతకండి. ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. మార్చి 30 అని కొడితే చాలామంది రారు. విమానం 30 రాత్రి బయల్దేరినా మనిషి పోయింది అర్ధరాత్రి దాటాక, అందుకని 31 అని ఉంటుంది. రెండు తేదీలూ కొట్టండి. వచ్చిన పేర్లను స్క్వాడ్రన్ (విమానాల జట్టు) వారీగా విడదీసి, ఒకే శ్మశానంలో పక్కపక్క సమాధి నంబర్లున్నవాళ్ళని ఒక గుంపు చేయండి. తొంభై పాళ్ళు అది ఒకే విమానం.

తర్వాత లింకన్‌లోని ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ వాళ్ళ నష్టాల డేటాబేస్. పేరు కొడితే విమానం సీరియల్ నంబరు, మిగతా సిబ్బంది, లక్ష్యం వస్తాయి. సీరియల్ అంటే చాలావాటికి రెండక్షరాలు, మూడంకెలు. విమానం పక్కన పెద్దగా రాసే స్క్వాడ్రన్ కోడు వేరు, అది నమ్మి వెతకొద్దు. ఒక విమానం పోతే అదే అక్షరం వారంలోపే కొత్త విమానానికి పెట్టేసేవాళ్ళు. సీరియల్ మాత్రం ఒక్కదానికే.

సీరియల్ దొరికాక లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరస తెరవండి. స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలు అవి, స్కాన్ చేసి పెట్టారు. రెండు ఫారాలుంటాయి: 540లో ఆ రోజు సారాంశం, 541లో ఒక్కో విమానానికి ఒక్కో వరస. మీకు కావలసింది 541. సిబ్బంది పేర్లు, ఎవరి పని ఏమిటి, బయల్దేరిన టైము ఉంటాయి. దిగిన టైము గడి ఖాళీ. పక్కన ఒకే ఒక్క ముక్క: బయల్దేరాక ఏ కబురూ లేదు. ఫ్లెక్స్ మీద ఈ ఒక్క వరసని పెద్దది చేసి పెట్టండి, పక్కన పేరాలు రాయక్కర్లేదు.

ఏడుగురు ఉండాల్సిన చోట ఎనిమిది పేర్లు కనిపిస్తే కంగారు పడొద్దు. కొత్త పైలట్‌ని సొంత సిబ్బందితో పంపే ముందు అనుభవం కోసం వేరేవాళ్ళ విమానంలో కూర్చోబెట్టి పంపేవాళ్ళు. అలా మొదటి ట్రిప్పులోనే పోయినవాళ్ళు చాలామంది. అప్పుడు ఇంగ్లండ్‌లో అతని సొంత సిబ్బంది పైలట్ లేకుండా మిగిలిపోయేవాళ్ళు.

ఒక కిటుకు చెబుతాను. మీ ఇష్టప్రకారం ఎంచుకునే వీలుంటే, సిబ్బందిలో ఒక్క ఆస్ట్రేలియా మనిషైనా ఉన్న విమానం తీసుకోండి. నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఆస్ట్రేలియాలో ఏ705 వరస ఫైళ్ళు స్కానయినవి ఇంటి నుంచే ఉచితంగా చదువుకోవచ్చు. ఆ ఒక్కడి ఫైలులో మిగతా ఆరుగురి సంగతీ ఉంటుంది: ఇంటికి వెళ్ళిన టెలిగ్రాం, తల్లి రాసిన ఉత్తరాలు, సామాన్ల జాబితా, యుద్ధం అయ్యాక ఊరికి వెళ్ళి సమాధులు తవ్వి చూసినవాళ్ళ నివేదిక. అమెరికా విమానమైతే ‘మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్ట్’ వెతకాలి.

సమాధి ఉన్న చోటే విమానం పడిందని మాత్రం రాయొద్దు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. జర్మనీలో మొదట ఏ ఊళ్ళో పడితే ఆ ఊరి శ్మశానంలో పాతిపెట్టారు. యుద్ధం అయ్యాక తవ్వి తీసి రైక్స్‌వాల్డ్, రైన్‌బెర్గ్, డ్యూర్న్‌బాఖ్, హానోవర్, బెర్లిన్ లాంటి పెద్ద శ్మశానాలకు చేర్చారు. హాలండ్, ఫ్రాన్స్, డెన్మార్క్‌లలో చాలామందిని ఊరి చర్చి దగ్గరే ఉంచేశారు. రికార్డులో ‘కలెక్టివ్ గ్రేవ్’ అని ఉంటే, ఎవరు ఎవరో విడదీయలేకపోయారని అర్థం. ఏ సమాధీ లేనివాళ్ళ పేర్లు లండన్ దగ్గర రన్నీమీడ్ స్మారకం రాతి పలకల మీద ఉన్నాయి, 20 వేలకు పైగా.

పటమట మోడలర్ (విజయవాడ)

దూకలేకపోవడం గురించి. రమణగారూ, మోడల్ చేతిలో ఉందిగా, ముక్కు కింద చూడండి. బాంబులు గురిచూసి వేసే బాంబ్ ఎయిమర్ బోర్లా పడుకునే చోట నేలలో చిన్న తలుపు ఉంటుంది. ముందున్నవాళ్ళందరికీ దూకే దారి అదొక్కటే. వెడల్పు 22 అంగుళాలు. మందపాటి బట్టలు, బూట్లు, ఛాతీ మీద పారాచూట్ మూటతో చీకట్లో, గింగిరాలు తిరిగే విమానంలోంచి అందులో దూరాలి. హాలిఫాక్స్‌లో ఆ తలుపు ఇంకో రెండంగుళాలు వెడల్పు. బాంబర్ కమాండ్ పరిశోధన విభాగంలో పనిచేసిన ఫ్రీమన్ డైసన్ చెప్పిన లెక్క ప్రకారం, కూలిన హాలిఫాక్స్, స్టర్లింగ్ బాంబర్ల నుంచి నూటికి 25 మంది బతికి బయటపడితే లాంకాస్టర్ నుంచి 15 మందే. పగలు కూలిన అమెరికా బాంబర్లలో సగం మంది. లాంకాస్టర్ మంచి విమానమే. ఎక్కువ బరువు, ఎక్కువ ఎత్తు, తక్కువ నష్టం. కానీ దెబ్బ తగిలాక మాత్రం అది ఇరుకు డబ్బా.

వైర్‌లెస్ ఆపరేటర్ వెనక తలుపు దాకా పోవాలంటే నడుమున అడ్డంగా ఉన్న రెక్కల దూలాలు ఎక్కి దిగాలి. తోక గన్నర్ సంగతి ఇంకా కష్టం. టరెట్‌లో (తుపాకులున్న తిరిగే గూటిలో) చోటు లేక పారాచూట్ మూట వెనక గోడకు కొక్కానికి తగిలించి ఉంటుంది. టరెట్‌ని తిన్నగా వెనక్కి తెచ్చుకుని, వెనక తలుపులు తెరిచి, చెయ్యి చాచి మూట అందుకుని, తగిలించుకుని, మళ్ళీ టరెట్‌ని పక్కకు తిప్పి వెనక్కి పడాలి. టరెట్ తిరిగేది ఇంజిన్ నుంచి వచ్చే హైడ్రాలిక్ ఒత్తిడితో. ఆ ఇంజిన్ ఆగితే చేత్తో తిప్పుకోవాలి.

దెబ్బ ఎలా తగిలేదో కూడా చెప్పాలి. 1943 ఆగస్టు నుంచి జర్మన్లు మెసర్‌ష్మిట్ 110, యుంకర్స్ 88 నైట్ ఫైటర్లకు పైకి ఏటవాలుగా కాల్చే ఫిరంగులు బిగించారు. ‘ష్రేగె మ్యూజిక్’ అనేవాళ్ళు. బాంబర్ పొట్ట కిందికి మెల్లగా చేరి, రెండు ఇంజిన్ల మధ్య రెక్కలో ఉన్న పెట్రోలు ట్యాంకులకు గురిపెట్టేవాళ్ళు. పొట్టకు కొట్టరు, అక్కడున్న బాంబులు పేలితే వాళ్ళూ పోతారు. వెలుగు గీత గీసే ట్రేసర్ తూటాలు వాడరు కాబట్టి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ కనపడదు. లాంకాస్టర్లలో చాలావాటికి కింద తుపాకీ లేదు, ఆ చోట నేలను చూపే హెచ్2ఎస్ రాడార్ డోము ఉండేది. పక్కన ఎగిరే విమానం ఉన్నట్టుండి అగ్నిగోళమైపోతే, అది జర్మన్లు తమను బెదరగొట్టడానికి పేల్చే ఉత్తుత్తి గుండు అని బాంబర్ సిబ్బంది అనుకున్నారు, ‘స్కేర్‌క్రో’ అని పేరు కూడా పెట్టారు. అలాంటి గుండే లేదు. వాళ్ళు చూసిన ప్రతి మంటలోనూ ఏడుగురున్నారు. ఈ మాట ఫ్లెక్స్ మీద పెట్టండి, పిల్లలు ఆగి చదువుతారు.

మోడల్‌కి ఒక సూచన: తోక టరెట్ మధ్య అద్దం పలక తీసేయండి. గీత పడ్డ పెర్‌స్పెక్స్ (అద్దంలాంటి ప్లాస్టిక్) చీకట్లో ఫైటర్‌లా కనిపిస్తుందని చాలామంది గన్నర్లు అది కోయించుకుని గడ్డకట్టే చలిలో కూర్చునేవాళ్ళు.

అరండల్‌పేట రమణ (గుంటూరు)

అందరికీ ధన్యవాదాలు. ఏ705లో ఒక ఫైలు దొరికింది, ఆస్ట్రేలియా నావిగేటర్‌ది. సమాధులు డ్యూర్న్‌బాఖ్‌లో ఉన్నాయి, నివేదికలో కూలిన ఊరు వేరే ఉంది. కృష్ణలంకగారు చెప్పినట్టే. సీరియల్ మాత్రం రెండు చోట్ల ఒక్క అంకె తేడాతో ఉంది. ఏది నమ్మాలి?

కృష్ణలంక ఫైళ్ళు (విజయవాడ)

ఫారం 541లో టైపు చేసినవాళ్ళు తప్పు కొట్టడం మామూలే. రెండు సీరియళ్ళనూ డేటాబేస్‌లో విడివిడిగా వెతకండి. ఒకటి వేరే తేదీన, వేరే సిబ్బందితో పోయి ఉంటే అది మీది కాదు. విమానాలకు ఫారం 78 అనే కార్డు ఉండేది, ఏ దళానికి ఎప్పుడు వెళ్ళిందో అందులో ఉంటుంది. అదీ సరిచూడండి.

అంకె తేడా ఎంత దూరం తీసుకెళుతుందో చూడండి. హాలండ్‌లో మార్కర్‌మేర్ సరస్సు అడుగున దొరికిన స్టర్లింగ్‌ని మొదట బీకే 710 అనుకున్నారు. తర్వాత శకలాల్లోంచి తీసిన ఒక సిగరెట్ డబ్బా మీద చెక్కిన పొడి అక్షరాలు ఆ సిబ్బందిలో ఎవరికీ సరిపోలేదు. అవి బీకే 716లో ఉన్న ఒకతనివి. 1943 మార్చి 29 రాత్రి బెర్లిన్ వెళ్ళి తిరిగి వస్తూ ఏడుగురితో మునిగిన విమానం అది, 2020లో బయటికి తీశారు. 

ఫ్లెక్స్ షాపులో ఒక జాగ్రత్త. సీరియల్‌నీ పేర్లనీ తెలుగులోకి మార్చినా, కింద అసలు అక్షరాల్లో కూడా వేయించండి. యూనికోడ్ నుంచి అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులూ అంకెలూ చెదురుతాయి. ప్రూఫు కాగితం మీద తీయించి, ఎనిమిది పేర్లయితే ఎనిమిదీ వేలు పెట్టి చదివాకే ప్రింటుకి ఇవ్వండి.