ఎమ్మెల్యే గారి జవాబు ఉత్తరాల్లో పేర్ల దగ్గర పిచ్చి గుర్తులు

అడిగినవారు: పొద్దున్నుంచి ఇదే పని, తల పగిలిపోతోంది. ఎమ్మెల్యే గారికి వచ్చిన 340 అర్జీలకు జవాబులు రేపు పోస్టులో పడాలి. ఎక్సెల్‌లో పేర్లు, ఊర్లు శుభ్రంగా తెలుగులో కనిపిస్తున్నాయి. వర్డ్‌లో మెయిల్ మెర్జ్ (ఎక్సెల్ జాబితాలోని పేర్లను ఒక్కో ఉత్తరంలో కలిపేది) చేస్తే వాటి చోట ఏవో గుర్తులు. మిగతా ఉత్తరం బాగానే ఉంది. వర్డ్ తీసేసి మళ్లీ వేశాను, అదే వరస.

పాత టైపిస్టు: ఎక్సెల్ ఏ ఫాంటు?

మండలం మాట: ఫాంటు సంగతి తర్వాత, జవాబులో ఏం రాశారండీ? "పరిశీలిస్తాం" అని అందరికీ ఒకటే పంపితే నెల తిరక్కుండా అవే అర్జీలు మళ్లీ వస్తాయి. ఊళ్లో వీధి రోడ్డు పంచాయతీది, ఊరికీ ఊరికీ మధ్యది చాలావరకు పంచాయతీరాజ్ ఇంజినీర్లది, జిల్లా ప్రధాన రోడ్డు ఆర్ అండ్ బీది. ఎమ్మెల్యే గారు ఏ అధికారికి రాశారో, ఆ ఉత్తరం నంబరు, తేదీ తప్పకుండా వేయండి. ఆ కాగితం చేతిలో ఉంటే సోమవారం కలెక్టరేట్ పీజీఆర్ఎస్‌లో (ప్రజా సమస్యల పరిష్కార వేదికలో) మనిషి గట్టిగా అడగగలడు.

తెలుగు వెలుగు: అర్జీ కాదు, వినతిపత్రం అనాలి.

మండలం మాట: రెండూ ఒకటి కాదండీ. ఒక్కడు తన పింఛను కోసం ఇచ్చేది అర్జీ, ఊరంతా సంతకాలు పెట్టి ఇచ్చేది వినతిపత్రం. రిజిస్టరులో విడిగా రాసుకుంటేనే మంచిది.

తెలుగు వెలుగు: ఆ తేడా ఏ నిఘంటువులో ఉంది?

అడిగినవారు: అను ఫాంటండీ. ఆపరేటర్ అనులో కొట్టారు, ఉత్తరం నేను గౌతమిలో కొట్టాను. అది చెప్పాలని తట్టలేదు.

పాత టైపిస్టు: అక్కడే ఉంది తిరకాసు. మీ గౌతమి యూనికోడ్, అంటే తెలుగు అక్షరాలకే సొంత కోడ్లున్న పద్ధతి. అను యూనికోడ్ కాదు. లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులే, తెలుగు రూపం ఫాంటు ఇస్తుంది. మెర్జ్ ఆ గుర్తుల్నే తెస్తుంది, ఎక్సెల్‌లో పెట్టిన ఫాంటును తేదు. వర్డ్‌లో ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కండి. బ్రాకెట్లలో కనిపించే పేరు ఫీల్డును (పేరు వచ్చి పడే చోటును) బ్రాకెట్లతో సహా సెలెక్ట్ చేసి అదే అను ఫాంటు పెట్టండి. చివర మెర్జ్‌ఫార్మాట్ అని ఉంటే చార్‌ఫార్మాట్ అని మార్చండి. ఊరి ఫీల్డుకూ అంతే. పిన్‌కోడు ఇంగ్లీషు ఫాంటులో కొట్టి ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. మళ్లీ ఆల్ట్, ఎఫ్9. ముందు ఐదు ఉత్తరాలు మాత్రం ప్రింటు తీసి చూడండి.

మండలం మాట: యూనికోడ్‌లోకి మార్చేస్తే శాశ్వతంగా పోతుంది కదా?

పాత టైపిస్టు: పోతుంది, రేపటికి కాదు. కన్వర్టర్లో ఒత్తులు దెబ్బతింటాయి, సుబ్రహ్మణ్యం లాంటి పేర్లు ఒక్కొక్కటీ సరిచూడాలి.

అడిగినవారు: వచ్చేశాయండి. థాంక్స్. ప్రింటుకు పెడుతున్నా.

తెలుగు వెలుగు: నిఘంటువు సంగతి ఎవరూ చెప్పలేదు.