కొత్తగా చేరిన ఎస్జీటీల (ప్రైమరీ టీచర్ల) కోసం పుస్తకం రాస్తున్నాను, ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?

రిటైర్డ్ హెచ్ఎం, నరసన్నపేట

అందరికీ నమస్కారం. ప్రైమరీ స్కూల్లోనే సర్వీసంతా చేసి రిటైరయ్యాను. మెగా డీఎస్సీ 2025లో (టీచర్ల నియామక పరీక్షలో) ఉద్యోగం వచ్చిన పిల్లలు (నాకు వాళ్లు పిల్లలే, ఏమీ అనుకోకండి) మా చుట్టుపక్కల స్కూళ్లలో చాలామంది చేరారు. సాయంత్రమైతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. టీసీ ఎలా రాయాలి, ఒకటో తరగతి వాడు ఏడుపు ఆపట్లేదు ఏం చెయ్యమంటారు, ఐదుకొచ్చినా ఒత్తులు రాని అమ్మాయిని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టించాలి, ఎంఈవో (మండల విద్యాధికారి) గారు విజిట్‌కి వస్తే ముందు ఏ రిజిస్టర్ తీసి ఇవ్వాలి, ఇలాంటివి. అడిగిందే అడుగుతుంటే, చెప్పిందే చెప్పే బదులు పుస్తకంగా రాసేస్తే పోతుంది కదా అని కూర్చున్నాను.

కొన్ని అధ్యాయాలు అయ్యాయి. పిల్లల ఆలోచన ఎదిగే తీరు గురించి పియాజే చెప్పిన దశలు, అభ్యసన సిద్ధాంతాలు, విద్యాహక్కు చట్టం 2009, నిపుణ్ భారత్ (చిన్న తరగతులకి చదవడం, లెక్కలు వచ్చేలా చేసే కేంద్ర కార్యక్రమం) లక్ష్యాలు, పాఠ్య ప్రణాళిక రాసే విధానం, తర్వాత రికార్డులు. మా కోడలు కూడా టీచరే. చదివి "మామయ్యా, ఇది డీఎడ్ (టీచర్ ట్రైనింగ్) నోట్సులా ఉంది" అంది. నాకు కాస్త చివుక్కుమంది గానీ ఆ మాటలో అబద్ధం లేదు. సిద్ధాంతాలు పూర్తిగా తీసేయాలా? రికార్డుల గురించి ఎంత రాయాలి? ఎన్ని పేజీలు ఉంటే కొత్తవాళ్లు చదువుతారు? అచ్చు సంగతి తెలిసినవాళ్లు ఉంటే అది కూడా చెప్పండి.

కొత్త టీచర్, మెరకముడిదాం

మాస్టారూ, నమస్తే. ఆ డీఎస్సీ పిల్లల్లో నేనూ ఒకదాన్ని, అందుకే సూటిగా చెప్పేస్తున్నా. పియాజేని మేము టెట్‌కి (టీచర్ అర్హత పరీక్షకి) ఒకసారి, డీఎస్సీకి ఒకసారి బట్టీ కొట్టి వచ్చాం. మళ్లీ మీ పుస్తకంలో కనిపిస్తే ఆ పేజీలు తిప్పేస్తాం, అంతే.

నాకు కావాల్సింది వేరే. మా స్కూల్లో ఇద్దరం. నాకు 3, 4, 5 తరగతులు ఒకే గదిలో. ఐదో తరగతికి భిన్నాలు చెబుతుంటే మూడో తరగతి వాళ్లకి ఎక్కాలు రాయమని ఇస్తాను, రెండు నిమిషాల్లో "టీచర్, అయిపోయింది" అని పలక పట్టుకుని ఒకడు వచ్చేస్తాడు, వాడి వెనక ఇంకొకడు, నాలుగో తరగతిలో ఈలోగా కొట్లాట. బహుళ తరగతి బోధన గురించి చదివినవాటిలో "పిల్లలను జట్లుగా విభజించి తగిన కృత్యాలు ఇవ్వాలి" అని ఉంటుంది. తగిన కృత్యం అంటే ఏది మాస్టారూ? తొందరగా అయిపోని పని, నన్ను అడగాల్సిన అవసరం లేని పని, అయ్యాక వాళ్లే సరిచూసుకోగలిగే పని, అలాంటివి ఒక ముప్ఫై రాయండి. అది ఒక్కటి ఉన్నా పుస్తకం కొంటాను.

ఇంకొకటి. మొదటి రోజు పొద్దున్న అసెంబ్లీ దగ్గర్నుంచి లాంగ్ బెల్ వరకు ఏం చేయాలో వరసగా రాయండి. ఆ రోజు టెన్షన్‌లో చదివినవేవీ గుర్తుకు రావు.

సీనియర్ ఎస్జీటీ, మందస

పై టీచర్ గారు చెప్పినదానితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. ఒక్క చోట మాత్రం అడ్డం చెబుతాను. సిద్ధాంతం తీసేయక్కర్లేదు గురువు గారూ, దాన్ని పిల్లవాడి నోటుబుక్కులోంచి చూపించండి. ఉదాహరణకి రెండు, మూడు తరగతుల్లో 52లోంచి 27 తీసేయమంటే సగం మంది 35 అని రాస్తారు. కొత్త టీచర్ ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి "లెక్క రాదు" అనుకుంటారు. కానీ వాడు ఊరికే రాయలేదు. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేశాడు, పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలి అని తనే ఒక రూలు పెట్టుకున్నాడు. వాడికి "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని చెబితే అప్పు అనే మాట నేర్చుకుంటాడు గానీ లెక్క నేర్చుకోడు. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి, ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికిచ్చి "ఇందులో 27 నాకివ్వు" అనండి. రెండు కట్టలు ఇస్తాడు, విడివి రెండూ ఇస్తాడు, ఇంకా ఐదు ఇవ్వాలి, చేతిలో విడి పుల్లల్లేవు, అప్పుడు కాసేపు మన మొహం చూసి తనే ఒక కట్ట విప్పుతాడు. ఆ విప్పే వరకు మనం నోరు మూసుకుని ఉండాలి, కొత్తవాళ్లకి అదే కష్టం. మూడు వందల ఐదుని 3005 అని రాయడం కూడా ఇలాంటిదే. ఇలా తప్పు రాసిన పేజీ, దాని పక్కన వాడు అలా ఎందుకు రాసి ఉంటాడు, మర్నాడు మనం ఏం చేయాలి, ఇదీ అధ్యాయం. పేజీ వేసేటప్పుడు పిల్లవాడి పేరు చెరిపేయండి.

భాష గురించి ఒక అధ్యాయం తప్పనిసరి. మా పిల్లలు "నాను ఇంటికాడ రాసీసినాను" అంటారు. పట్నం నుంచి వచ్చిన టీచర్ మాట మాటకీ ఆపి దిద్దితే వారం తిరిగేసరికి ఆ పిల్ల నోరు విప్పడం మానేస్తుంది. మా కొండవైపు ఊళ్లలో ఇంట్లో సవర, ఇచ్ఛాపురం, కంచిలి వైపు వెళ్తే ఒడియా. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని ఆ పిల్లల కోసం వాచకాలు రాశారని ఆగస్టు 29న అందరం మైకుల్లో చెబుతాం, మర్నాడు క్లాసులో సవర మాట వినపడితే కసురుతాం. కూర్చో, రా, నీళ్లు, కడుపునొప్పి, ఒంటికి వెళ్లాలి, ఇంత చిన్న మాటలు పెద్ద పిల్లల దగ్గర అడిగి రాసుకోమని చెప్పండి. మొదటి వారంలో చేయాల్సిన పని అది.

రికార్డుల గురించి అయితే జాగ్రత్త. యాప్‌ల పేర్లు, స్కీముల పేర్లు రాశారో, పుస్తకం ఏడాదికి ముసలిదైపోతుంది. మధ్యాహ్న భోజనం నిన్న గోరుముద్ద, 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరు. 2022లో 117 జీవో వచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతులు చాలాచోట్ల హైస్కూళ్లకి వెళ్లాయి, 2025లో అది రద్దయింది. మారనివి మాత్రమే పుస్తకంలో పెట్టండి: అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టిన తేదీ అక్షరాల్లో కూడా ఎందుకు రాయాలి, కొట్టివేత ఎలా చేయాలి, భోజనం బియ్యం లెక్క ఏ రోజుది ఆ రోజే ఎందుకు ముగించాలి.

డీటీపీ, విజయనగరం

అచ్చు గురించి అడిగారు కాబట్టి. మొదట ఒకటి, అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) టైప్ చేయించకండి. పీడీఎఫ్ ఫోన్‌లో వెతికితే ఒక్క మాట దొరకదు, వాట్సాప్‌లోకి కాపీ చేస్తే గజిబిజి. యూనికోడ్‌లో చేయించండి, మీ పుస్తకం సగం మంది ఫోన్‌లోనే చదువుతారు.

పేజీలు పదహారు గుణకంలో ఉండేలా చూసుకోండి, ఫారం (అచ్చయ్యాక మడిచే ఒక పెద్ద కాగితం) లెక్క అది. 1/8 డెమ్మీ సైజు, 80 లేదా 96 పేజీలు. అంతకంటే లావైతే గమ్ బైండింగ్ చేయాలి, అది బల్ల మీద పెడితే దానంతటదే మూసుకుంటుంది. సుద్దముక్క పట్టుకుని చూసుకునే పుస్తకానికి మధ్యలో పిన్ను కొట్టిందే నయం. కాపీలు తక్కువైతే డిజిటల్ ప్రింటు, వందలు దాటితేనే ఆఫ్‌సెట్ గురించి ఆలోచించండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఇస్తుంది, డబ్బులు అడిగేవాళ్లకి ఇవ్వకండి. లోపల పిల్లల ఫొటోలు వేస్తే తల్లిదండ్రుల అనుమతి కాగితం మీద తీసుకోండి.

రిటైర్డ్ హెచ్ఎం, నరసన్నపేట

అందరికీ ధన్యవాదాలు. పియాజే అధ్యాయం తీసేశాను, కోడలు సంతోషించింది. విద్యాహక్కు చట్టం మాత్రం రెండు పేజీలు ఉంచుతాను. పిల్లల్ని కొట్టకూడదు, ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి, టీసీ లేదని వెనక్కి పంపకూడదు, ఈ మూడూ తెలియక గొడవల్లో పడ్డవాళ్లని చూశాను.

ఒక విషయంలో మందస మాస్టారితో విభేదిస్తాను. యాప్‌లూ అవీ పుస్తకంలో వద్దన్నారు, నిజమే, కానీ కొత్తవాళ్ల ఫోన్లలో సగం అవే. వాటిని నాలుగు పేజీల విడి కాగితంగా వేసి ఏటా జూన్‌లో మారుస్తాను. మెరకముడిదాం అమ్మా, ముప్ఫై పనులు అడిగావు, నా దగ్గర పంతొమ్మిది తేలాయి. వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు నెలల తర్వాత తిరిగొస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అనేది ఎవరూ అడగలేదు. చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్లే మత్స్యకారుల ఊళ్లలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి, ఆ అధ్యాయం నేను ఒక్కణ్ణీ రాయలేను.

కొత్త టీచర్, మెరకముడిదాం

పంతొమ్మిదీ ముందు ఇక్కడ పెట్టండి మాస్టారూ. సోమవారం నుంచి నా క్లాసులో ఒక్కొక్కటీ చేయించి, ఏది రెండు నిమిషాల్లో అయిపోతుందో చెబుతాను. అది తీసేద్దురు గాని.