తొమ్మిదో తరగతి పిల్లలు మూడో తరగతికి చరిత్ర చెబుతున్నారు, సలహా ఇవ్వండి

సోషల్‌టీచర్_గుంటూరు:
నమస్తే అండి. గుంటూరు దగ్గర పల్లెలో హైస్కూల్ టీచర్‌ని. నెలకోసారి మా తొమ్మిదో తరగతి పిల్లలు పక్కనున్న ప్రైమరీ స్కూల్‌కి వెళ్లి, మూడో తరగతి వాళ్లతో పాతకాలం సంగతులు చేతులతో చేయించాలని మొదలుపెట్టాం. మొదటిసారి తొట్టిలో ఇసుక పోసి కుండ పెంకులు, పూసలు, పాత నాణేలు దాచాం. మన భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపితే బ్రాహ్మీ అనే పాత లిపి అక్షరాలు చెక్కిన రాతి భరిణెలు బయటపడ్డాయి కదా, ఆ కథ చెప్పి తవ్వించాలనుకున్నాం.

మూడు నిమిషాల్లో ఇసుకంతా నేలపాలైంది. పైగా మావాళ్లు "ఇది పూస, ఇది పెంకు" అని అన్నీ ముందే చెప్పేశారు. ఒక పాప పెంకు పట్టుకుని "ఇది ఎవరింటిది అక్కా?" అని అడిగింది. మా తొమ్మిదో తరగతి అమ్మాయికి ఏం చెప్పాలో తోచక ఇంకో వస్తువు చేతిలో పెట్టింది. ఆ రోజు వచ్చిన ఒకే ఒక్క మంచి ప్రశ్న అలా పోయింది, నాకు చాలా బాధేసింది. ఉన్నది నలభై నిమిషాలు. ఏం మార్చమంటారు?

తెనాలి_మాస్టారు:
తవ్వకం మానకండమ్మా. తొట్టిలో మూడు పొరలు వేయండి: అడుగున ఎర్రమట్టి, మధ్యలో ఇసుక, పైన నల్లమట్టి. అడుగున పెంకులు, మధ్యలో పాత పావలా, పైన సీసా మూత. చెంచా, పాత టూత్‌బ్రష్ తప్ప ఏమీ ఇవ్వొద్దు. దొరికింది ఏ పొరలో ఉందో కాగితం మీద గీశాకే ఇంకొంచెం తవ్వాలి. ఏది ముందు పడిందో వాళ్లే పట్టేస్తారు.

పెంకులు తలా ఒక కుండవి కాకుండా అన్నీ ఒకే కుండవి పెట్టండి. మైదా జిగురుతో అతికిస్తే మూతి ఎంత వెడల్పో తెలుస్తుంది. అడుగున మసి ఉంటే వంట కుండని వాళ్లే అంటారు. పెద్దపిల్లలు పేర్లు చెప్పకూడదు, "దీన్ని దేనికి వాడి ఉంటారు?" అని అడగాలి. నా అనుభవంలో వాళ్లకు అన్నిటికన్నా కష్టమైంది ఊరుకోవడమే. ఒకరోజు ముందు ప్రాక్టీస్ చేయించండి.

బెజవాడ_అమ్మాయి:
మా అమ్మమ్మ సోల, తవ్వ, మానిక ఇస్తే మా గల్లీ పిల్లలతో బియ్యం కొలిపించాను మేడమ్. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని ఎవరూ చెప్పకుండానే కనుక్కున్నారు. నాణేలకైతే 1957 చెప్పండి. అంతకుముందు రూపాయికి 16 అణాలు, అంటే 64 పైసలు. ఆ ఏప్రిల్ నుంచి 100 పైసలు. మా ప్రకాశం బ్యారేజీ ప్రారంభమైందీ ఆ ఏడాదే, పిల్లలకు బాగా గుర్తుంటుంది.

సోషల్‌టీచర్_గుంటూరు:
మాస్టారూ, పొరల సంగతి నాకు తట్టనే లేదు. కొలతలు వచ్చే నెల పెట్టుకుంటాం, రెండూ ఒకేసారి కుదరవు. ఈరోజు కొత్త కుండ కొని కట్టెల పొయ్యి మీద పెట్టాం, అడుగున మసి బాగా పట్టింది. రేపు పగలగొడతాం. మసి ఉన్న పెంకు ఆ పాప కూర్చునే వైపే పాతిపెట్టమని మా అమ్మాయికి చెప్పాను.