సంప్రదాయవాది పార్టీని వదిలేయవచ్చా?

తొలిమెట్టు:
రాజకీయశాస్త్రం చదువుతున్నాను. రెండేళ్లు ఒక సంప్రదాయవాద విద్యార్థి సంఘంలో పనిచేసి, పోయిన వారం రాజీనామా ఇచ్చాను. అధ్యక్ష పదవి ఎవరికైనా రెండుసార్లే అని మా నియమావళిలో ఎప్పటినుంచో ఉంది. నిరుడు అవతలి వర్గం దాన్ని తీసేద్దామంటే, వద్దని కరపత్రం రాసింది నేనే. ఈ ఏడు మా నాయకుడి రెండో విడత అయిపోవచ్చింది. ఒకరోజు రాత్రి పదకొండుకు గ్రూపులో మెసేజ్: రేపటి నుంచి సవరణకు మనం అనుకూలం, కరపత్రం మార్చు. పాత కాగితం తీసి ‘వ్యతిరేకిస్తున్నాం’ ఉన్నచోటల్లా ‘స్వాగతిస్తున్నాం’ అని పెట్టాను. ‘అనుభవాన్ని గౌరవించాలి, సంఘం మనుషుల కన్నా పెద్దది’ అన్న కారణాలు మాత్రం ఒక్క ముక్క కదపలేదు. అచ్చేసి పంచారు. ఒక్కరూ గమనించలేదు.

సంప్రదాయవాదం సిద్ధాంతం కాదు, ఒక స్వభావం అన్నాడు ఇంగ్లిష్ తత్వవేత్త ఓక్‌షాట్ 1956లో. తెలియనిదాని కంటే తెలిసినదాన్ని కోరుకునే స్వభావం. అది ఉన్నవాడికి పార్టీలో చోటుందా?

నిలకడ:
తమ్ముడూ, ఓక్‌షాట్ కంటే ముందు బర్క్‌ని చూడు. బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు, సంప్రదాయవాదులు తమ మూలపురుషుడనుకునే మనిషి. ఒక సూత్రం మీద ఏకమై దేశహితం కోసం పనిచేసేవాళ్లే పార్టీ అని 1770లోనే చెప్పాడు. ఒంటరిగా మంచివాడిగా మిగిలిపోవడం ఆయనకు నచ్చని పని. నాయకుడు నచ్చలేదని వెళ్లిపోతే అది సంప్రదాయవాదం ఎలా అవుతుంది?

తొలిమెట్టు:
‘ఒక సూత్రం మీద’ అన్నది కూడా ఆయనే కదా అన్నా. ఫ్రెంచి విప్లవం దగ్గర పేచీ వచ్చి 1791లో పార్లమెంటు సభలోనే, తన విగ్ పార్టీ నాయకుడు ఫాక్స్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. పాతికేళ్ల స్నేహం. ఫాక్స్ కన్నీళ్లు పెట్టుకున్నా వెనక్కి తగ్గలేదు.

నిలకడ:
తెంచుకున్నది ఫాక్స్‌తో, పార్టీతో కాదు. అసలైన పాత విగ్‌ని నేనే, దారి తప్పింది మీరే అని వాదించాడు. అప్పుడు రాజీనామా కాగితమేదీ ఇవ్వలేదు.

తొలిమెట్టు:
పార్టీలో ఎక్కువమంది ఫాక్స్ వైపే నిలబడ్డారు. ఇక ఆయన ఎక్కడున్నట్టు?

అక్షరదోషం:
ఆర్థికవేత్త హయెక్ 1960లోనే నేను కన్సర్వేటివ్‌ని, అంటే సంప్రదాయవాదిని, కానని వ్యాసం రాశాడు. సంప్రదాయవాదులు మార్పును ఆపమంటారే తప్ప ఎటు వెళ్లాలో చెప్పరని ఆయన ఫిర్యాదు. మీ గొడవ మొత్తం అందులో ఉంది.

నిలకడ:
హయెక్ సంగతి వేరే చోట. బర్క్ పార్టీని వదల్లేదు, అదొక్కటి ఒప్పుకో.

తొలిమెట్టు:
ఎన్నిసార్లు అదే మాట? నేను అడిగింది బర్క్ గురించి కాదు. రాత్రికి రాత్రి మాట మార్చేవాళ్లతో ఎలా ఉండాలని. మీలాంటి పెద్దవాళ్లు సర్దుకుపోయారు కాబట్టే మా గతి ఇలా ఉంది.

నిలకడ:
సర్దుకుపోయానా? పంతొమ్మిదేళ్లు చేశాను. బ్యానర్లు కట్టాను, గోడల మీద రాశాను, ఒక్కసారీ టికెట్ ఇవ్వలేదు. చదువుకున్న కుర్రాళ్లు రెండేళ్లు ఉంటారు, మనసు విరిగిందంటారు, వెళ్లిపోతారు. మిగిలినవాళ్లకేమో అవకాశవాదులన్న పేరు. మా దగ్గరా ఇలాంటి సవరణే వచ్చింది. సమావేశంలో లేచి వద్దన్నాను. ఓడిపోయాను. నా అభ్యంతరం మినిట్స్ పుస్తకంలో ఉంది. నువ్వు లేచావా?

చిన్నమాట:
ఇద్దరూ కాస్త తగ్గండి.

తొలిమెట్టు:
లేవలేదు. గ్రూపులో ‘సరే’ అని పెట్టాను. ఆ కాగితం దిద్దింది నా చెయ్యే. పార్టీ మీద కన్నా దాని మీదే నాకు ఎక్కువ కోపం అనుకుంటా.

నిలకడ:
ఇది మొదటి పోస్ట్‌లో చెప్పాల్సింది. రాజీనామా ఆమోదించారా?

తొలిమెట్టు:
ఇంకా లేదు. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో పెడతారట. వెళ్తాను. రెండు కరపత్రాలూ పక్కపక్కన పెట్టి చదువుతాను. చదివి బయటికొచ్చేస్తాను.

నిలకడ:
చదివి వెళ్లిపోతే మరుసటి రోజుకి మర్చిపోతారు. ఓడిపోయి అక్కడే కూర్చో. వాళ్లకి కష్టంగా ఉండేది అదే.

తొలిమెట్టు:
మీరు పంతొమ్మిదేళ్లు కూర్చున్నారు కదా అన్నా. ఆ సవరణ వెనక్కి పోయిందా?

నిలకడ:
పోలేదు.