నాన్నకి మొబిలిటీ స్కూటర్: మూడు చక్రాలదా, నాలుగు చక్రాలదా?

మల్కాజిగిరి వాసి:
నమస్తే అండీ. నాన్నకి 74 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, ఆపరేషన్‌కి ఒప్పుకోవట్లేదు. ఇంట్లో కర్ర పట్టుకుని తిరుగుతారు గానీ వీధి చివర గుడిదాకా కూడా నడవలేరు. ఇదివరకు రోజూ పొద్దున్నే అక్కడ స్నేహితులతో గంటసేపు కూర్చుని వచ్చేవారు, ఇప్పుడు రోజంతా బాల్కనీలోనే, చూస్తుంటే బాధగా ఉంది. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ చిన్నది, వీధి ఏటవాలు. అందుకే మొబిలిటీ స్కూటర్ (నడవలేనివాళ్లు కూర్చుని నడుపుకునే చిన్న బ్యాటరీ బండి) కొందామనుకుంటున్నాం, షాపులో మూడు చక్రాలది తీసుకోమంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

సైనిక్‌పురి అక్క:
మీ వీధి ఏటవాలంటున్నారు కాబట్టి మూడు చక్రాలది వద్దు తమ్ముడూ. మా అత్తయ్యకి ముందు అదే కొన్నాం, ఇంట్లో, మాల్‌లో చిన్న చోట చక్కగా తిరిగేది, కానీ వాలు మీద పక్కకి తిప్పినప్పుడు ఒకవైపు లేచింది, నేను పట్టుకోకపోతే పడిపోయేవారే. నాలుగు చక్రాలది నిలకడగా ఉంటుంది, కాకపోతే మలుపుకి ఎక్కువ చోటు కావాలి. ముందు టేపు పట్టుకుని లిఫ్ట్ తలుపు ఎంత తెరుచుకుంటుందో, లోపల గోడదాకా ఎంత పొడవుందో కొలవండి. లోపల తిప్పడం కుదరదు, నేరుగా ఎక్కి రివర్స్‌లో దిగాలి.

బండి మెకానిక్:
అక్క చెప్పింది నిజం. ఇంకో మాట, బండి కింద పెట్టినా సరే, సెల్లార్ ర్యాంపు మాత్రం ఎక్కించకండి. చక్రాల కుర్చీ ర్యాంపు అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలి, కార్ల ర్యాంపు అంతకన్నా చాలా నిటారు. వీటికి యాక్సిలరేటర్ మీట వదలగానే మోటారు బ్రేకు దానంతటదే పడుతుంది, అది మంచిదే. కానీ తోసుకెళ్లడానికి వెనకాల ఇంకో మీట ఉంటుంది, అది తిప్పితే ఆ బ్రేకు పనిచేయదు, మనిషి కూర్చున్నప్పుడు పిల్లల్ని దాని దగ్గరికి రానివ్వకండి. బ్యాటరీలు ఎక్కువగా రెండు 12 వోల్టులవి ఉంటాయి. లెడ్ యాసిడ్‌వైతే చార్జి దిగిపోయిన బండిని వారాల తరబడి వదిలేయొద్దు, పాడవుతాయి. విప్పి ఇంటికి మోసుకెళ్లాలంటే లిథియమే తేలిక.

ఉప్పల్ నుంచి:
నాన్నగారి చేతులు, చూపు బాగున్నాయా? హ్యాండిల్ రెండు చేతులతో తిప్పాలి, భుజం పట్టేసినవాళ్లకి జాయ్‌స్టిక్ ఉన్న కరెంటు కుర్చీయే సుఖం. వయోశ్రీ పథకంలో వస్తుందేమోనని మేమూ ఆశపడ్డాం. 2017లో నెల్లూరులో మొదలైంది కదా అది, ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లకి కర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీల్లాంటివి ఇస్తారు, స్కూటర్ రాదు.

మల్కాజిగిరి వాసి:
చేతులు, చూపు బాగానే ఉన్నాయండీ. ఇప్పుడే కొలిచాను, లిఫ్ట్ లోపల 110 సెంటీమీటర్లే, షాపులో నాలుగు చక్రాలది 120. వాచ్‌మన్ గది పక్కన నేల మీదే పెట్టుకుని అక్కడే ప్లగ్ వేయిస్తాం, అసోసియేషన్‌వాళ్లు సరేనన్నారు. ఆదివారం బండి మా వీధికే తెచ్చి చూపించమన్నాను, నాన్న గుడిదాకా నడిపి చూశాకే డబ్బు కడతాను.